గడి ముందర దిగే సైకిలు

మదన్ మోహన్ రావు అని పిలిస్తే ముగ్గురు పలకాలి గానీ, ఇంట్లో ఉన్నది ఒక్కడే. మదనుడి రూపం లేదు, మోహనుడి మురళీ లేదు. చివరనున్న రావు ఒక్కటే పచ్చి నిజం: రోజులు కలిసి రావు, బస్సులు వేళకు రావు, చేసిన నౌకరీలు కడదాకా రావు. సిరిసిల్లలో నూలు డిపో గుమాస్తాగా ఉన్నన్నాళ్లు బతుకు పోగు తెగకుండా నడిచింది. డిపో మూతపడేసరికి పోగూ తెగింది, పొగరూ తగ్గింది. భార్య ప్రమీలను, ట్రంకు పెట్టెలను వెంటబెట్టుకుని కోరుట్లకు వచ్చి, ఒక పెంకుటింట్లో కిరాయికి దిగాడు.

బావమరిది పుణ్యమా అని ముత్యంపేట దగ్గర చక్కెర ఫ్యాక్టరీ చెరుకు కాటా మీద పని దొరికింది. బండ్లు తూకానికి వస్తే బరువు చూసి చీటీ రాసివ్వాలి. చలికాలమంతా ఉండే పని. తెల్లవారేసరికి బండ్లు బారులు తీరుతాయి. కాటా కంట్రాక్టరు మొదటి రోజే మాట చెప్పాడు.

"చూడుండ్రి రావు గారూ, మీరు రాకుంటే బండ్లాగుతయి. బండ్లాగితే మీ జీతమాగుతది. ఇంకోపారి ఆగితే మీరే ఆగుతరు."

వేళకు పోదామంటే ఆ దారిన బస్సు లేదు. ఉన్న ఒక్క బస్సును బందు రోజు అన్నలు తగలబెట్టారు. తోడబుట్టిన అన్నలు కారు, తుపాకి పట్టిన అన్నలు. బూడిదైన బస్సు బదులు ఇంకో బస్సు వేయడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. కాబట్టి చక్రం తిరిగితేనే చక్కెర, చక్కెర ఉంటేనే చాయ్. సైకిలు కొనక తప్పలేదు.

అతని వంశంలో సైకిలెక్కిన మనిషి లేడు. తాతలు గూడు కట్టిన కచ్చురం బండ్లలో తిరిగారు, పెదనాన్న మాధవరావు జీపులో తిరిగాడు. "మీ తాతలు ఊర్లను తొక్కిండ్రు. మీ వంతుకు సైకిల్ అచ్చింది, తొక్కుండ్రి," అంది ప్రమీల. ఆమె నోట మాట ఎప్పుడూ మిరప తొక్కులా ఉంటుంది, నంజుకోకుండా ఉండలేం, నంజుకుంటే నీళ్లు తాగక ఉండలేం.

ఇద్దరూ కలిసి కోరుట్ల బజారులో రాజన్న సైకిలు షాపుకు పోయారు. ముందు వరసలో కొత్త సైకిళ్లు కాగితపు చుట్టలు విప్పకుండా, పెళ్లిచూపులకు కూర్చోబెట్టిన పిల్లల్లా మెరుస్తున్నాయి.

"ఇరవై నాలుగు సైజా, ఇరవై రెండా సారూ?" అన్నాడు రాజన్న, అతని కాళ్లను దర్జీలా పైనుంచి కిందికి చూసి. "నీకు ఇరవై రెండే. ఇరవై నాలుగెక్కితె దిగనీకి నిచ్చెన గావాలె."

"నేను రోజు ముత్యంపేట దాక పోయి రావాలె. గట్టిగుండాలె, కిరికిరి పెట్టొద్దు."

"ఐతారం నాడు కాలువ గట్టు మీద తిరగనీకి గూడ అక్కరకు రావాలె," అని ప్రమీల మధ్యలో వచ్చింది. ప్రతి సైకిలు క్యారియరునూ అరచేత్తో నొక్కి, దోసకాయ చూసినట్టు చూస్తోంది. "ఇది సన్నగుంది. ఇది ఊగుతుంది. దీని మీద కూసుంటె మనిషి కాదు, చిలుక కూసోవాలె."

వంకర హ్యాండిలున్న రేసు సైకిలు ఒకటి చూపించాడు రాజన్న. అది తొక్కితే నడుము వంగాలి. నడుము వంచడం తమ ఇంటా వంటా లేదన్నాడు మదన్ మోహన్ రావు. డైనమో లైటు గురించి అడిగాడు.

"లైటద్దు సారూ. లైటుంటే పోలీసోళ్లు ఆపుతరు, లైటు లేకుంటే అన్నలు ఆపుతరు. పొద్దుగూకక ముందే ఇంట్ల పడు, గదే నీకు డైనమో."

కొత్త వాటి ధర విన్నాక మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, షాపు వెనకభాగానికి నడిచారు. అక్కడ పాత సైకిళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. వాటిలో ఒకటి నల్లది. ముసలిదే గానీ ఒక్క చోట తుప్పు లేదు. చువ్వలు కొబ్బరినూనెతో తుడిచినట్టున్నాయి. సీటు తోలు ఒక మనిషి కూర్చున్న ఆకారానికే కుదురుకుంది. క్యారియరు వెడల్పుగా, పీటలా ఉంది. ఎడమ పెడలు రబ్బరు ఒక్కటే పూర్తిగా అరిగి లోపలి ఇనుము తేలింది. కుడి పెడలు కొత్తదానిలా ఉంది.

"గిదేంది, ఒక దిక్కే అరిగింది?"

"ఎక్కుడు దిగుడు ఎక్కువ చేసిన బండి," అన్నాడు రాజన్న, వేరే వైపు చూస్తూ.

ఎవరిదని మదన్ మోహన్ రావు అడగలేదు. ఆ రోజుల్లో పాత సైకిలు ఎవరిదని అడిగేవాడు పిచ్చివాడైనా అయి ఉండాలి, పోలీసైనా అయి ఉండాలి. అన్నలు ఒకరి సైకిలు అడిగి తీసుకుపోయి ఇంకో ఊళ్లో వదిలేస్తారు. పోలీసులు దాన్ని పట్టుకుని మనిషిని వెతుకుతారు. తెలియకపోవడమే తెలివి.

ఆదివారం సాయంత్రం ప్రమీలను ఎక్కించుకుని కాకతీయ కాలువ గట్టు మీద తిరిగాడు. సైకిలు వెన్నలో కత్తిలా పోయింది. నీళ్లలో సూర్యుడు, వెనక భార్య, ముందు గాలి. "గాలి మంచిగుంది," అంది ప్రమీల. "టైర్లదా, బయటిదా?" అన్నాడు. ఆమె వీపు మీద ఒకటి వేసింది. పెళ్లయ్యాక ఇంత హాయిగా ఎప్పుడు ఉన్నారో ఇద్దరికీ గుర్తు లేదు.

మర్నాడు పొద్దున ముత్యంపేట దారి పట్టాడు.

కోరుట్ల దాటి కొంత దూరం పోయాక ఇప్పలకుంట వస్తుంది. అది అతని తాతల ఊరు. ఆ ఊళ్లోకి రావాలన్నా, ఊరు దాటాలన్నా దొరల గడి ముందునుంచే పోవాలి. వెనకటి దొరలు కావాలనే దారిని అట్లా వంచారు. ఊరి నడుము వంచాలంటే ముందు దారిని వంచాలని వాళ్ల లెక్క. గడి అంటే చిన్న కోట: ఎత్తు గోడ, పెద్ద దర్వాజ, పైన దారిని చూస్తూ వసారా. ఇప్పుడు తలుపుల్లేవు, కిటికీల్లేవు. గోడ మీద రైతుకూలీల సంఘం వాళ్ల ఎర్ర అక్షరాలున్నాయి. సంఘం బలపడ్డాక మాధవరావు దొర జగిత్యాలకు మకాం మార్చి ఏళ్లు గడిచాయి. మదన్ మోహన్ రావు తండ్రి అంతకు ముందే అన్నతో తగాదాపడి వాటా వదులుకుని వెళ్లిపోయాడు. కొడుకు ఆ గడిని చూసింది చంకలో ఉన్నప్పుడే.

ఆ పొద్దున మంచు దట్టంగా పడింది. చెరుకు తోటల మీద తెల్ల దుప్పటి కప్పినట్టుంది. గడి గోడ మొదలయ్యే చోట దారి పక్కన ఒక నల్లరాయి ఉంది. సైకిలు దాని దగ్గరికి వచ్చేసరికి చైను ఊడింది. టక్కుమని కూడా అనలేదు, పాము పుట్టలోకి జారినట్టు మెత్తగా జారింది.

దిగి, మసి చేతులతో ఎక్కించాడు. తొక్కాడు. ఊడింది. మళ్లీ ఎక్కించాడు. మళ్లీ ఊడింది. విసిగి నడిపించుకుంటూ పోతే గొర్రెపిల్లలా వెంట వచ్చింది. గోడ చివరికి వచ్చాక ఎక్కితే ముత్యంపేట దాకా చైను ఊసే ఎత్తలేదు. చైన్ అంటే ఉర్దూలో నెమ్మది. చైనూడిన మనిషికి చైన్ ఎక్కడిది? ఆ రోజు కాటా మీద ఒక తూకం రెండుసార్లు చూడాల్సి వచ్చింది.

సాయంత్రం వాపసు వస్తుంటే గోడ అవతలి కొసన అదే జరిగింది.

రాజన్న చైను లింకు తీశాడు, పళ్ల చక్రం మార్చాడు, వెనక చక్రాన్ని లాగి బిగించాడు. "ఇగ ఏనుగు గుంజినా ఊడది సారూ." ఏనుగు అక్కర్లేకపోయింది. నల్లరాయి చాలింది.

ఇంకో పొద్దున ఊపందుకుని, రాయి దగ్గర కళ్లు మూసుకుని, బలమంతా పెట్టి తొక్కాడు. చైను నిలిచింది. హమ్మయ్య అనుకునే లోపల అతని కాలు లేచింది. అతను లేపలేదు. కుడికాలు దానంతటది సీటు మీదుగా వెనక్కి తిరిగి, నేల మీద దిగింది. చేతులు బ్రేకు పట్టాయి. ఆ తర్వాత ఏం జరిగిందో తెలియలేదు. తెలివి వచ్చేసరికి గడి గోడ అవతలి కొసన నిలబడి ఉన్నాడు. అరికాళ్లకు మంచు చల్లగా తగులుతోంది. చెప్పులు చంకలో ఉన్నాయి. తలకు చుట్టుకున్న మఫ్లరు నడుముకు కట్టి ఉంది. మెడ వంగే ఉంది, ఎత్తుదామంటే కాసేపు ఎత్తబుద్ధి కాలేదు.

గడికి ఎదురుగా చాయ్ హోటల్ ఉంది. అక్కడ అందరూ ఇటే చూస్తున్నారు. గ్లాసులు పట్టుకున్న చేతులు గాలిలోనే ఉన్నాయి.

ఇంట్లో చెప్తే ప్రమీల నవ్వలేదు. గిన్నె కింద పెట్టి అతని పాదాలు చూసింది. "మీకు గాలేమన్న సోకిందా?"

"గాలి టైర్ల ఉంది," అన్నాడు గానీ ఆ మాట అతనికే పంక్చరైనట్టు వినిపించింది.

ఆ వారమంతా అట్లాగే నడిచింది. నడిచింది అనడమే సబబు, గడి ముందు ఒక్కసారీ తొక్కలేదు. మెట్‌పల్లి మీదుగా చుట్టు తిరిగి పోదామంటే తెల్లవారేసరికి కాటా అందదు. ఒకరోజు ఆ దారిన పోతే బండ్లు ఆగాయి. కంట్రాక్టరు చేత్తో 'ఒకటి' అని చూపించి లోపలికి పోయాడు. గడి వెనకనుంచి పోదామంటే నీళ్లు పారించిన చెరుకు మడులు. మరి దారి లేదు.

చివరికి ఒక సాయంత్రం, చెప్పులు చంకలో పెట్టుకుని గడి దాటి వచ్చిన అతన్ని హోటల్ లోనుంచి ఒకరు పిలిచారు.

"సారూ, జర చాయ్ తాగిపో."

పిలిచింది హోటల్ నడిపే గంగారాం. మాదిగవాడ మనిషి, ముప్పై నిండాయో లేదో. ఊళ్లో సంఘానికి పెద్ద. అడవిలోకి మాట పోవాలన్నా, అడవి నుంచి మాట రావాలన్నా అతని పొయ్యి మీదుగానే పోవాలని అందరికీ తెలుసు.

"పొద్దు గూకుతుంది తమ్మీ, పోవాలె."

"తాగు." గ్లాసు చేతిలో పెట్టాడు. "నీ పేరేంది?"

"మదన్ మోహన్."

"మొత్తం జెప్పు. తోక గూడ జెప్పు."

"రావు."

"రావు రావు అనుకుంటనే రోజు అస్తున్నవ్ గదా." హోటల్లో ఎవరో నవ్వారు. గంగారాం నవ్వలేదు. "మాధవరావు దొరకు ఏమైతవ్?"

"మా పెదనాయిన. కానీ మాకు ఆయనకు మాటల్లేవు. ఎన్నడో..."

"మాటల్లేకున్నా ముక్కున్నది." మదన్ మోహన్ రావుకు తండ్రి నుంచి పొలం రాలేదు గానీ గడి ముక్కు మాత్రం పూర్తిగా వచ్చింది. "గడి ముందర ఏం జేస్తున్నవ్?"

"సైకిల్ చైను ఊడుతుంది. గంతే. కసం."

"చైనూడితే ఏసుకుంటరు. చెప్పులెందుకిడుస్తవ్? తలకాయెందుకు దించుతవ్? గడికి మొక్కుతున్నవ్. జాగ మళ్ల మాదే అని మీ పెదనాయిన మొక్కి రమ్మన్నడు. పొద్దుకోపారి, మాపుకోపారి. ఊరంత గిదే అంటుంది. ఊరన్న మాట అడివిల ఇనవడ్డది."

గంగారాం దగ్గరికి వంగాడు. గొంతులో పగ లేదు, అందుకే ఎక్కువ భయం వేసింది.

"సారూ, నువ్వు కాటా మీద గుమాస్తవని నాకెర్కే. గని నేనొక్కన్ని కాదు. ఎల్లుండి సంది గడి ముందర నీ కాలు భూమ్మీద పడొద్దు. సైకిల్ మీద అస్తే సైకిల్ మీదనే పో. ఇంకోపారి దిగినవంటే మళ్ల నువ్వు ఎక్కవు. నిన్ను ఎక్కిచ్చుకపోయేటోళ్లు అస్తరు."

ఎల్లుండి అనడానికి కారణముంది. మర్నాడు అమావాస్య. ఎడ్లను కట్టరు, బండ్లు కదలవు, కాటా ఉండదు.

"నౌకరీ ఇడిసిపెట్టుండ్రి," అంది ప్రమీల.

"ఇడిస్తే ఏం తింటం? తొక్కా?"

"తొక్కుకు గూడ మామిడికాయ కొనాలె గద," అంది, నవ్వకుండా.

అమావాస్య పొద్దున రాజన్న షాపుకు పోయి, అడగకూడని ఆ ప్రశ్న అడిగేశాడు. ఈ సైకిలు ఎవరిది?

రాజన్న చేతిలోని పానా కింద పెట్టాడు. "ఇప్పలకుంట మొండయ్యది సారూ. మాదిగ మొండయ్య. మొన్న వానకాలంల జరమచ్చి పాయె. పెండ్లాం మల్లవ్వ తెచ్చి అమ్మింది. బండి మంచిదే. మనిషే..."

"మనిషే ఏంది?"

"మనిషి గూడ మంచోడే," అన్నాడు రాజన్న, పానా మళ్లీ చేతిలోకి తీసుకుని.

మాదిగవాడ ఊరికి కోరుట్ల వైపున, నల్లరాయికి ఇవతలే ఉంది. మల్లవ్వ వాకిట్లో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. సైకిలు చప్పుడు వినగానే లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. మదన్ మోహన్ రావు వైపు చూడనే లేదు.

"అచ్చినవా," అంది సైకిలుతో.

అతను హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత ఆమె తలెత్తి అతని ముక్కు చూసింది. చూసి, చాలాసేపు చూసి, మళ్లీ కూర్చుంది.

"నువ్వా దొరా కొన్నది. గందుకే ఇంటికస్తలేడు."

"ఎవరు?"

ఆమె మిరపకాయలు పక్కకు నెట్టి చెప్పడం మొదలుపెట్టింది. కాలువ తవ్వకంలో మట్టి మోసి మొండయ్య ఆ సైకిలు కొన్నాడట. కొన్న రోజు కోరుట్ల నుంచి పెళ్లికొడుకులా తొక్కుకుంటూ వచ్చి, ఆ సంబరంలో నల్లరాయి దగ్గర దిగడం మరిచిపోయాడు. ఆ రాయి దగ్గర వాడవాళ్లెవరైనా బండి దిగి, చెప్పులు చంకలో పెట్టుకుని, తలగుడ్డ నడుముకు కట్టి గడి దాటాలి. పైన వసారాలో మాధవరావు దొర పళ్లు తోముకుంటున్నాడు.

"పిలిచిండు. కొట్టలే. నవ్వుకుంట అన్నడు, ఇన్ని రోజులు నువ్వు మోసినవ్ గదరా మట్టి, గిప్పుడు దీన్ని మొయ్యి అన్నడు. సైకిల్ నెత్తి మీద పెట్టిచ్చి దర్వాజ ముందర నిలవెట్టిండు. పొద్దు గూకేదాక."

"తర్వాత?"

"తర్వాతేముంది. దిగుడు మరువలే మళ్ల. సంఘమచ్చె, దొర జగిత్యాలకు పాయె. పోరగాండ్లు గడి ముందర బెల్లు గొట్టుకుంట తిరిగిరి. ఈయనతోని గాలే. రాయి కాడికి రాంగనే కాలు దిగేది. మా గంగారాం గాడు, మా మరిది కొడుకు, నవ్వేటోడు. 'ఇంకెవనికి దిగుతున్నవే పెద్దనాయినా, లోపల గబ్బిలాలకా' అని. ఈయన అనేటోడు, 'నేను దిగుతలేనురా. దింపుతున్నరు' అని."

గాలి ఆగిపోయింది. వాకిట్లో మిరప ఘాటు అట్లాగే నిలబడింది.

"పాణం పోయేటప్పుడు మంచం మీదికెల్లి కుడికాలు కిందికి దించిండు. నేను పైన వెడితి. మళ్ల దించిండు. గట్లనే పాయె. పీనుగను కట్టేటప్పుడు గా కాలు సక్కగ కాలే దొరా, ఎంతమంది వట్టినా."

మదన్ మోహన్ రావు తన కుడికాలు వైపు చూసుకున్నాడు. గంగారాం అన్నదంతా చెప్పి, "రేపు దిగితే నన్ను సంపుతరు మల్లవ్వా. దిగకుండ నాతోని అయితలేదు. నేనేం జెయ్యాలె?" అన్నాడు.

"దిగేది నువ్వు కాదు, ఆయన. ఆయన ఇంక గా రాయి కాడ్నే నిలవడ్డడు. దింపినోళ్లు ఎక్కియ్యాలె."

"దింపింది నేను కాదు గదా."

"మరింకెవలున్నరు?" అంది మల్లవ్వ. అడిగినట్టు కాదు, ఇల్లు వెతికి ఏమీ దొరకనప్పుడు అన్నట్టు. "పొద్దుగాల రా. నేను రాయి కాడుంట."

మర్నాటి మంచు అంతకు ముందెన్నడూ చూడనంత చిక్కగా ఉంది. చెరుకు ఆకుల నుంచి నీటి చుక్కలు పడే చప్పుడు తప్ప ఊరు ఊపిరి తీయడం లేదు. మల్లవ్వ నల్లరాయి పక్కన గొంగడి కప్పుకుని నిలబడి ఉంది. అవతల హోటల్ పొయ్యి ఎర్రగా, మసగ్గా కనిపిస్తోంది. దాని ముందు మనుషుల నీడలు. ఆ నీడల్లో రెండు ఊరివాళ్లవి కావని చూడగానే తెలిసింది. వాళ్లు కూర్చోలేదు.

రాయి దగ్గర సైకిలు ఆగింది. కుడికాలు సీటు మీదుగా తిరగబోయింది. మదన్ మోహన్ రావు చేత్తో తొడను పట్టుకుని అదిమాడు. ఎడమ కాలి మునివేళ్లు రాయి మీద ఆన్చి నిలిచాడు. గడి ముందు కాదు, గడికి ముందు. ఆ వెంట్రుకవాసి తేడా మీదే అతని ప్రాణం నిలబడి ఉంది.

"పిలువు," అంది మల్లవ్వ.

"మొండయ్యా, ఎక్కు."

ఏమీ జరగలేదు. తొడ కింద కాలు తన్నుకుంటోంది, పట్టిన చేపలా.

"గట్ల పిలిస్తే ఎట్లస్తడు? గట్ల పిలిచే గద దింపిండ్రు."

హోటల్ వైపునుంచి ఒక నీడ కదిలింది. మదన్ మోహన్ రావు తొడను ఇంకా గట్టిగా అదిమాడు. వెనక్కి తిరగకుండానే, మంచులోకి చూస్తూ అన్నాడు.

"మొండయ్య గారూ. ఎనక కూసోండ్రి. మీరు దిగేదేం లేదు. నేను తొక్కుత."

చుక్కలు పడే చప్పుడు ఆగింది. వెనకనుంచి ఎవరో తడి కాళ్లతో నడిచి వచ్చినట్టు అనిపించింది. తర్వాత క్యారియరు కిర్రుమంది. టైరు నేలకు అణిగింది. సైకిలు ఒక పక్కకు ఒరిగి, మళ్లీ నిలబడింది, ఎక్కిన మనిషి సర్దుకుని కూర్చున్నట్టుగా.

మల్లవ్వ వంగి, గాలిలో ఏదో అంచు పట్టుకుని పైకి దోపింది.

"పంచె చక్రంల పడ్తది. పైకనుకో," అంది, ఇంట్లో రోజూ అనే గొంతుతో. తర్వాత అతనితో, "ఇగ పో దొరా," అంది.

కుడికాలు తన్నుకోవడం మానింది. అతను తొక్కాడు. చైను నిలిచింది. బరువు మాత్రం మామూలు బరువు కాదు. ప్రమీలను ఎక్కించుకున్నప్పుడు ఇందులో సగం లేదు. గడి గోడ పక్కనే మెల్లగా, గింజుకుంటూ, చక్రాలు తిరుగుతున్నాయి. పైన వసారాలో ఎవరో నిలబడి పళ్లు తోముకుంటున్న చప్పుడు వినిపించింది. తలెత్తలేదు. తలెత్తితే ఎవరు కనిపిస్తారో, ఆ ముక్కు ఎవరిదై ఉంటుందో అతనికి తెలుసు. చప్పుడు ఒక్క క్షణం ఆగింది, పిలవబోయేవాడు గొంతు సవరించుకున్నట్టు. మెడ వెనక వెచ్చటి ఊపిరి తగిలింది, వేగంగా, భయపడ్డ మనిషి ఊపిరి.

"ఏం గాదు," అన్నాడు మదన్ మోహన్ రావు. ఎవరితో అన్నాడో ఆలోచించలేదు. "నేనున్న గద. కూసోండ్రి."

దర్వాజ దాటింది. పైనుంచి పిలుపు రాలేదు.

హోటల్ ముందు గంగారాం దారి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఊరివాళ్లు కాని ఆ ఇద్దరూ అతని వెనక ఉన్నారు. ముందు గంగారాం చూపు అతని కాళ్ల మీద పడింది. కాళ్లు పెడళ్ల మీదే ఉన్నాయి. తర్వాత చూపు అతని భుజం మీదుగా వెనక్కి పోయింది. అక్కడే ఆగింది. మొహంలో రంగు దిగిపోయి, ఏదో చిన్నప్పటి మొహం బయటికి వచ్చింది. దారిలోంచి పక్కకు తప్పుకుని, చేతిలోని గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పెద్దనాయినా," అన్నాడు. "ఎటు వోతున్నవే?"

జవాబు వినిపించలేదు. వెనక కూర్చున్న బరువు కదిలింది, వెనక్కి తిరిగి ఎవరికో చెయ్యి ఊపినట్టుగా. ఆ ఇద్దరిలో ఒకడు "ఎవలు? ఎవలతోని మాట్లాడుతున్నవ్?" అని గంగారాంను అడగడం చెవిన పడింది. సైకిలు వాళ్లను దాటిపోయింది.

గోడ కొస వచ్చింది. దిగుతాడేమో అనుకున్నాడు. దిగలేదు. ఊరి చివరి ఇల్లు వచ్చింది. దిగలేదు. మంచులోంచి ఎడ్ల గజ్జెల చప్పుడు, చెరుకు పాకం వాసన వస్తున్నాయి. కాటాకు టైమవుతోంది. అక్కడినుంచి ముత్యంపేట దాకా దారి ఎక్కుడు. వెనక మనిషి ఉన్న ఏ సైకిలువాడైనా ఆ ఎక్కుడు మొదట్లో ఆగి, జర దిగి నడువుండ్రి, పైన మళ్ల ఎక్కుదురు అంటాడు. అట్లా అనడంలో తప్పు కూడా లేదు.

మదన్ మోహన్ రావుకు ఊపిరి అందడం లేదు. పిక్కలు బిగుసుకుపోయాయి. దిగమనబోయి నోరు తెరిచాడు, మూశాడు. తర్వాత సీటు మీదనుంచి లేచి, పెడళ్ల మీద నిలబడి, బరువంతా వేసి, ఒక్కొక్క తొక్కుడూ తొక్కుతూ ఆ ఎక్కుడు ఎక్కసాగాడు.